ఓడినా మనవాళ్ళే



వేసవి సాయంత్రం మలక్‌పేట వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. ఏ ఇంటి కిటికీలోంచి విన్నా క్రికెట్ వ్యాఖ్యానమే. హైదరాబాద్ జట్టు గెలిచిన రాత్రి పిల్లలు వీధిలోకి పరుగెత్తుకొచ్చి "మనం గెలిచాం!" అని కేకలు వేస్తారు. పెద్దలు కూడా మరునాడు టీ కొట్టు దగ్గర అదే మాట అంటారు. నాలుగు రోజుల తరువాత జట్టు ఓడిపోతుంది. అదే టీ కొట్టు, అదే మనిషి. ఇప్పుడు మాత్రం "వాళ్ళు ఓడిపోయారండీ, వాళ్ళకు ఆడటం రాదు" అంటాడు.

గమనించారా? నాలుగు రోజుల క్రితం 'మనం' అన్నది ఈ రోజు 'వాళ్ళు' అయిపోయింది. ఆటగాళ్ళు మారలేదు. చొక్కా రంగు మారలేదు. మారింది మన మాట ఒక్కటే.

మన తెలుగులో ఒక అందం ఉంది. 'మేము' అంటే ఎదుటివాడు బయట ఉంటాడు. 'మనం' అంటే ఎదుటివాణ్ణి కూడా లోపలికి తీసుకున్నట్లు. అంత పెద్ద మనసున్న మాటను గెలిచినప్పుడు ధారాళంగా వాడి, ఓడినప్పుడు దాచుకుంటున్నాం. ఈ వారం పాఠం ఆ చిన్న మాటను గురించే. ఆటతో మొదలుపెట్టి మన ఇంటి గడప దాకా వద్దాం.

సోమవారం నాటి చొక్కా

ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. 1976లో అమెరికాలో రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడి విశ్వవిద్యాలయాలకు సొంత ఫుట్‌బాల్ జట్లు ఉంటాయి. వారాంతంలో ఆట జరుగుతుంది. సోమవారం తరగతికి వచ్చిన విద్యార్థుల్లో ఎంతమంది తమ విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు వేసుకొచ్చారో ఈ పరిశోధకులు లెక్కపెట్టారు. జట్టు గెలిచిన తరువాతి సోమవారం ఆ దుస్తులు ఎక్కువగా కనిపించాయి. ఓడిన తరువాత తగ్గాయి.

తరువాత విద్యార్థులకు ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు అడిగారు. కొందరితో మీరు బాగా చెప్పారన్నారు, మరికొందరితో సరిగా చెప్పలేకపోయారన్నారు. ఆ పైన, మీ జట్టు ఆడిన ఆట సంగతి చెప్పండి అని అడిగారు. గెలుపును గురించి చెప్పేటప్పుడు 'మనం' అనే మాట, ఓటమిని గురించి చెప్పేటప్పుడు 'వాళ్ళు' అనే మాట ఎక్కువగా వచ్చాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. తాము తప్పు చెప్పామని చిన్నబుచ్చుకున్న వారిలోనే ఈ తేడా మరింత స్పష్టంగా కనిపించింది.

దీని అర్థం ఏమిటి? లోపల తానే చిన్నబోయి ఉన్న మనిషి గెలిచినవాడి పక్కన నిలబడాలని ఆరాటపడతాడు, ఓడినవాడి పక్కనుండి తొందరగా తప్పుకుంటాడు. ఓడినవాణ్ణి వదిలేయడానికి కారణం చాలాసార్లు కోపం కాదు, మన పరువును గూర్చిన భయం. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఉప్పల్‌లో కూర్చున్నవారు

మలక్‌పేట నుండి మూసీ దాటి అంబర్‌పేట, రామంతాపూర్ మీదుగా వెళితే ఉప్పల్ స్టేడియం వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌.బి. నగర్ వారు నాగోలు మీదుగా చేరుకుంటారు. 2008లో ఐపీఎల్ పోటీలు మొదలైనప్పుడు మన నగరానికి దక్కన్ ఛార్జర్స్ జట్టు వచ్చింది. అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ పాఠశాలలో చదివిన మన వి.వి.ఎస్. లక్ష్మణ్ మొదటి నాయకుడు. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, రోహిత్ శర్మ వంటి వారితో జట్టు నిండుగా కనిపించింది.

ఫలితం ఏమయిందో తెలుసా? 14 ఆటల్లో 2 గెలుపులు, 12 ఓటములు. ఎనిమిది జట్లలో ఎనిమిదవ స్థానం. ఆ రెండు గెలుపులూ బయటి ఊళ్ళలో వచ్చినవే. ఉప్పల్‌లో ఆడిన ఏడు ఆటల్లోనూ ఓటమే.

మరుసటి సంవత్సరం దేశంలో సాధారణ ఎన్నికలు వచ్చాయి. పోటీలను దక్షిణాఫ్రికాకు మార్చారు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఇదే జట్టు బెంగుళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలుచుకుంది. అట్టడుగున ఉన్న జట్టు ఒక్క ఏడాదిలో శిఖరానికి చేరింది. 2010లో రాష్ట్రంలోని పరిస్థితుల వల్ల ఆ జట్టు సొంత ఆటలను నాగపూర్, కటక్, నవీ ముంబయిలలో ఆడించారు. అంటే ఛాంపియన్‌గా ఉన్న ఆ ఏడాది మన జట్టు మన ఊళ్ళో ఒక్క ఆట కూడా ఆడలేదు.

ఒక్క క్షణం ఆలోచించండి. 2008లో టికెట్టు కొనుక్కుని, ఎండలో వరుసలో నిలబడి, ఉప్పల్‌లో కూర్చున్న మనిషి కళ్ళారా చూసింది ఓటములే. గెలుపును ఆయన టీవీలో చూడవలసి వచ్చింది. మరి ఆయన పెట్టిన డబ్బు, ఇచ్చిన సమయం వృథా అయినట్లా? కప్పు గెలిచిన రాత్రి 'మనం గెలిచాం' అని అందరూ అన్నారు. ఆ మాట అనే హక్కు అందరికన్నా ముందు ఆ ఏడు ఓటములు చూసినవారికి ఉంది.

2012 సెప్టెంబరులో దక్కన్ ఛార్జర్స్ జట్టు రద్దయింది. దాని స్థానంలో సన్‌రైజర్స్ వచ్చింది. 2008లో ఓడిన జట్టుకు నాయకుడైన లక్ష్మణ్ ఈ కొత్త జట్టుకు మార్గదర్శకుడిగా వచ్చారు. 2016 మే 29న వారు ఛాంపియన్లు అయినప్పుడు జట్టుతోనే ఉన్నారు. ఆ తరువాత మళ్ళీ చెడ్డ రోజులు. 2021లో 14 ఆటల్లో 3 గెలిచి అట్టడుగున, 2023లో 4 గెలిచి మళ్ళీ అట్టడుగున. అయినా 2024 మార్చి 27న ఉప్పల్ నిండిపోయింది. ఆ రోజు ముంబయి మీద 277 పరుగులు చేశారు. ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్ళి కోల్‌కతా చేతిలో ఓడిపోయారు. గెలుపోటములు ఇలా పగలూ రాత్రీలా వస్తూ పోతూ ఉంటాయి. వెలుతురున్నప్పుడే ఉండి చీకటి పడగానే వెళ్ళిపోయేవాణ్ణి మనం చుట్టం అంటాం గాని ఇంటివాడు అనం.

నలభై తొమ్మిదేళ్ళు

ఐపీఎల్ నిన్న మొన్నటిది. అంతకుముందు మన తాతల కాలం నుండి ఉన్నది రంజీ జట్టు. 1937-38లో హైదరాబాద్ జట్టు నవానగర్‌ను ఒకే ఒక్క వికెట్ తేడాతో ఓడించి రంజీ ట్రోఫీ గెలుచుకుంది. రెండవసారి గెలవడానికి 1986-87 దాకా ఆగవలసి వచ్చింది. మధ్యలో 49 ఏళ్ళు. 1942-43లో బరోడా చేతిలో, 1964-65లో బొంబాయి చేతిలో ఫైనల్లో ఓడింది.

ఆ మధ్యకాలంలో మంచి ఆటగాళ్ళు లేరా అంటే, కావలసినంత మంది ఉన్నారు. ఎం.ఎల్. జయసింహ ఎన్నో ఏళ్ళు నాయకుడు. భారత జట్టు నాయకుడైన పటౌడీ కూడా హైదరాబాద్‌కు ఆడేటప్పుడు జయసింహ కింద ఆడారు. అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ ఉన్నారు. అయినా ట్రోఫీ రాలేదు. చివరకు ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో ఢిల్లీ మీద తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో అది వచ్చింది. జయసింహ ఆట చూసి పెరిగినవారిని ఎవరినైనా అడగండి. ట్రోఫీ గెలవని ఆ నాయకుణ్ణి గురించి వారు ఎంత ఇష్టంగా మాట్లాడతారో మీరే వింటారు. ప్రేమకు ట్రోఫీ షరతు కాదని అప్పుడు తెలుస్తుంది.

ఈ మధ్య 2022-23లో ఇదే రంజీ జట్టు తన విభాగంలో అట్టడుగున నిలిచి 'ప్లేట్' అనే కింది విభాగానికి దిగిపోయింది. ఎంత అవమానం! మరుసటి ఏడాది ఆ కింది విభాగంలోనే ఆడి, గెలిచి, తిరిగి పైకి వచ్చింది. ఆ ఏడాదే తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లో మూడు వందల పరుగులు పూర్తిచేశాడు. పడినచోటే లేవాలన్న మన పెద్దల మాటకు ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

దూరదేశంలోని ఒక సంగతి చెబుతాను. అమెరికాలో చికాగో నగరానికి కబ్స్ అనే బేస్‌బాల్ జట్టు ఉంది. 1908లో గెలిచిన తరువాత మళ్ళీ 2016లో గాని వారు ఛాంపియన్లు కాలేదు. 108 ఏళ్ళు! తాత చూడలేదు, తండ్రి చూడలేదు, మనవడు చూశాడు. ఆ రోజుల్లో అభిమానులు స్టేడియం ఇటుక గోడల మీద సుద్దముక్కలతో పేర్లు వ్రాశారు. ఆటగాళ్ళ పేర్లు మాత్రమే కావు. ఆ గెలుపు చూడకుండానే కన్నుమూసిన తమ తాతల, తల్లిదండ్రుల పేర్లు. గెలిచిన రోజు చికాగోలో నవంబర్ 2, అంటే మనం సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే రోజు. 'మనం' అనే మాటలో చనిపోయినవారికి కూడా చోటుందని ఆ గోడ చెప్పింది.

పందెగాడు, అభిమాని

మలక్‌పేట వారికి రేసుకోర్సు సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1886లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో గుర్రప్పందాలు మౌలాలి నుండి ఇక్కడికి మారాయి. పందెం కట్టినవాడు కూడా గుర్రం పేరు పట్టి గొంతు చించుకుని అరుస్తాడు. చూసేవారికి వాడు ఆ గుర్రానికి పెద్ద అభిమానిలా కనిపిస్తాడు. కాని గుర్రం ఓడిన మరుక్షణం టికెట్టు చింపి పారేసి, తరువాతి పందెంలో మరో గుర్రం పేరు అరుస్తాడు. గుర్రం కాలు మడతపడితే పందెగాడికి నొప్పి పుట్టేది జేబులో.

అదే గుర్రాన్ని సాకే మనిషి ఒకడుంటాడు. గుర్రం గెలిచి వచ్చినా, ఓడి వచ్చినా అతడు చెమట తుడుస్తాడు, నీళ్ళు పడతాడు, కాళ్ళు తడిమి చూస్తాడు. ఓడి వచ్చిన రోజు ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాడు.

మనలో ప్రతివాడూ ఈ ఇద్దరిలో ఎవరో తేల్చుకోవాలి. ఈ రోజుల్లో పందెం రేసుకోర్సు గోడ దాటి చేతిలోని ఫోన్‌లోకి వచ్చింది. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే చట్టం నిషేధించింది. అయినా క్రికెట్ మీద దొంగచాటుగా పందేలు కట్టి అప్పులపాలైన యువకుల సంగతి మనం వింటూనే ఉన్నాం. తల్లిదండ్రులారా, మీ అబ్బాయి ఆట చూస్తున్నాడో, పందెం చూస్తున్నాడో కనిపెట్టండి. జట్టు ఓడినప్పుడు వాడి ముఖంలో కనిపించేది విచారమా, భయమా అని చూడండి. విచారం అభిమానిది. భయం పందెగాడిది.

నిష్ఠ అంటే గుడ్డితనం కాదు

ఓడినా వెంట ఉండాలంటే తప్పును ఒప్పు అనాలా అని మీరు అడగవచ్చు. అక్కరలేదు. క్యాచ్ వదిలేస్తే వదిలేశాడని చెప్పాలి. నాయకుడి నిర్ణయం తప్పయితే తప్పనే చెప్పాలి. 'మనవాడు ఇలా ఆడకూడదు' అనే మాటలో బాధ ఉంది, ప్రేమ కూడా ఉంది. 'వాళ్ళింతే' అనే మాటలో రెండూ లేవు.

కోపం కూడా ఒక్కోసారి అభిమానం వేషం వేసుకుని వస్తుంది. 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్ జరిగింది. శ్రీలంక మీద మనవారు 8 వికెట్లకు 120 పరుగుల దగ్గర ఉండగా జనం సీసాలు విసిరారు, నిప్పు పెట్టారు. ఆట ఆపి శ్రీలంకకు గెలుపు ప్రకటించారు. వినోద్ కాంబ్లీ ఏడుస్తూ మైదానం నుండి బయటికి వెళ్ళడం దేశమంతా చూసింది. నిప్పు పెట్టినవారు కూడా తాము అభిమానులమనే అనుకుని ఉంటారు. కాని ఆ రాత్రి ఆ యువకుడికి కావలసింది నిప్పు కాదు.

ఇంటి దగ్గర స్కోరుబోర్డు

ఇప్పుడు ఆట వదిలి ఇంటికి వద్దాం. ఐపీఎల్ ఆటలు జరిగే వేసవిలోనే మన పిల్లల ఇంటర్, పది ఫలితాలు కూడా వస్తాయి. ర్యాంకు వచ్చిన రోజు తండ్రి విచారణలో అందరికీ స్వీట్లు పంచి "మావాడు" అని చెప్పుకుంటాడు. తప్పిన రోజు అదే తండ్రి భార్య వైపు తిరిగి "చూశావా, నీ కొడుకు చేసిన పని!" అంటాడు. మొదటి రోజు 'మావాడు', రెండవ రోజు 'నీ కొడుకు'. టీ కొట్టు దగ్గర విన్న మాటే ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుకు ఇరువైపులా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చూడండి. వాటి నిండా ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలే. తప్పిన పిల్లవాడి ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. ఆ ఫొటోకు చోటు ఉండవలసింది ఇంట్లోనే. ఇల్లు కూడా ఫ్లెక్సీలా మారిపోతే ఆ పిల్లవాడు ఎక్కడికి పోతాడు?

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత కొద్దిరోజుల్లో తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే అర్హత మనకెవరికీ లేదు. ఏ బాధ ఎక్కడ మొదలయిందో దేవునికే తెలుసు. కాని మన ఇంట్లో ఉన్న బిడ్డకు ఈ రోజే చెప్పగలిగిన మాట ఒకటుంది: 'ఓడినా నువ్వు మావాడివే. సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు రేపు కలిసి వెళ్ళి కడదాం.' బిడ్డ మాట్లాడటం మానేసినా, తిండి మానేసినా, బ్రతకాలని లేదన్నట్లు మాట్లాడినా తేలికగా తీసుకోకండి. పక్కనే ఉండండి. టెలి మానస్ వారి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

పిల్లలే కాదు. ఉద్యోగం పోయిన భర్త, వ్యాపారంలో దెబ్బతిన్న తమ్ముడు, కాపురం చెడి పుట్టింటికి తిరిగి వచ్చిన ఆడపడుచు, తాగుడు మానలేక మళ్ళీ మళ్ళీ పడిపోయే అన్నయ్య, వీరందరూ ఓడిపోతున్న జట్టులోనివారే. మంచి రోజుల్లో వీరి ఇంటికి భోజనానికి వెళ్ళినవారం ఇప్పుడు వీధి మలుపులో తప్పుకుని పోతున్నామా? పరిశోధకులు కనిపెట్టిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోండి. మనం తప్పుకుని పోయేది వారి మీద కోపంతో కాకపోవచ్చు. వారి పక్కన కనిపిస్తే మన పరువు తగ్గుతుందన్న భయంతో కావచ్చు. ఆ భయాన్ని భయమని గుర్తిస్తే సగం పని అయినట్లే.

సిలువ దగ్గర నిలిచినవారు

ఈ సంగతి మన విశ్వాసానికి కొత్తది కాదు. మ్రానికొమ్మల ఆదివారం కొమ్మలు పట్టుకుని ప్రభువుకు ఎదురేగినవారు ఎంతోమంది. పవిత్ర శుక్రవారం నాడు సిలువ దగ్గర నిలిచినవారు కొద్దిమంది: మరియమాత, ఆమెతో ఉన్న స్త్రీలు, ప్రభువు ప్రేమించిన శిష్యుడు. పేతురు చలిమంట దగ్గర నిలబడి ఆయన ఎవరో తనకు తెలియదన్నాడు. పేతురుకు ప్రేమ లేక కాదు, భయపడ్డాడు. ఓడిపోయినట్లు కనిపించిన ఆయనను 'మావాడు' అనలేకపోయాడు.

కాని పేతురు కథ అక్కడ ముగియలేదు. ఏడ్చాడు, తిరిగి వచ్చాడు. ఉత్థానమైన ప్రభువు అతణ్ణి పక్కకు నెట్టలేదు. ఒకప్పుడు మనం కూడా ఎవరినో 'వాళ్ళు' అని వదిలేసి ఉండవచ్చు. తిరిగి వెళ్ళి 'మనం' అనడానికి ఇంకా సమయం ఉంది.

కుటుంబంలో చర్చించుకోండి

ఈ ఆదివారం దివ్యపూజ అయిన తరువాత, లేదా రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత, పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని ఈ ప్రశ్నలు అడుగుకోండి.

1. మన జట్టు ఓడిన రోజు మన ఇంట్లో వినిపించే మాటలు ఏవి? 'మనం' అంటామా, 'వాళ్ళు' అంటామా?

2. మనం ఓడిపోయినప్పుడు మన పక్కన నిలిచినవారు ఎవరు? వారికి మనం కృతజ్ఞతలు చెప్పామా?

3. మన ఇంట్లో గాని, వీధిలో గాని, విచారణలో గాని ఇప్పుడు ఓడిపోతున్నవారు ఎవరు? వారితో మనం మాట్లాడి ఎన్నాళ్ళయింది?

4. ఒకరి తప్పును చెబుతూనే వారిని మనవారుగా ఉంచుకోవడం ఎలా?

ఈ వారం ఆచరణ: మూడవ ప్రశ్నకు జవాబుగా వచ్చిన మనిషి ఇంటికి వెళ్ళండి. సలహాలు తీసుకెళ్ళకండి, పళ్ళు తీసుకెళ్ళండి. అరగంట కూర్చోండి. వచ్చేటప్పుడు, మళ్ళీ ఎప్పుడు వస్తారో రోజు చెప్పి రండి. ఆ రోజు తప్పకుండా వెళ్ళండి.